ధర్మాసనము - పక్షపాత శంక

దావా గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చినాడట. ఓడినవాడు కోర్టులోనే ఏడ్చినాడట. ఈ సామెత వినని తెలుగువారుండరు. ఇది ఖర్చును గురించి పుట్టిన సామెత. వకీలు ఫీజు, స్టాంపుల ఖర్చు, సాక్షుల బత్తెము, బస్సు చార్జీలు - ఇవన్నియు కూడినచో గెలిచినవానికి మిగులునది తీర్పు నకలు ఒక్కటే యని దాని తాత్పర్యము. కాని ఓడినవాని ఏడుపులో ఖర్చునకు సంబంధింపని దుఃఖము వేరొకటి కలదు. తన మాట వినిపించుకొనలేదని, తాను కోర్టు మెట్లెక్కకముందే త్రాసు ఎదుటివానివైపు మొగ్గియుండెనని అతడు నమ్మును. ఆ నమ్మకము సరియైనది కావచ్చును, కాకపోవచ్చును. ఆ దుఃఖము మాత్రము నిజమైనది. నేను మీతో ముచ్చటింపదలచినది దీనిని గురించియే.

మా యింటి సంగతితో మొదలుపెట్టెదను. నా చిన్ననాడు కడప జిల్లాలో మాకు కొంత మెట్ట ఉండెను. దాని గట్టునే ఒక దిగుడుబావి. ఆ బావినీటిలో మాకు వంతు కలదా లేదా యని మా నాయనగారికిని, ఒక దాయాదికిని వ్యాజ్యము వచ్చినది. మా వైపు బావికి గల విలువ ఏమిటో కడప, కర్నూలు సీమలవారికి నేను చెప్పనక్కరలేదు. వాన ఒక పక్షము తప్పినచో వేరుసెనగ కాయ ఊరదు; ఆ పక్షము దినములు దాటించునది బావియే. వ్యాజ్యము నడుచుచుండగా ఎదుటివారి యింట పెండ్లి జరిగినది. ఆ పెండ్లికి, మా దావా విచారించుచున్న న్యాయాధిపతి వచ్చి భోజనము చేసి వెళ్లినారని ఊరంతయు చెప్పుకొన్నది. ఆయన వచ్చినమాట నిజమే. ఎవరు పిలిచిరో, ఏ మొగమాటమున వచ్చిరో మాకు తెలియదు.

మా వకీలు, దావాను వేరొక కోర్టునకు మార్పించుటకు అర్జీ వ్రాసి తెచ్చి సంతకము చేయుమన్నాడు. మా నాయనగారు చేయలేదు. "అంత పెద్దమనిషి మీద తిండి తిన్నాడని రాసిచ్చేది బాగుండదు సామీ" అన్నారు. ఆ తరువాత కొన్ని నెలలకు దావా ఓడిపోయినాము. అప్పీలులోను ఓడిపోయినాము. మా నాయనగారు చివరి దినములవరకు ఒకే మాట చెప్పుచుండిరి: "ఆ పొద్దు ఆయన తిన్న ఓళిగే మన బావిని మింగినాది అబ్బీ."

నేను పెద్దవాడనై, విశ్వవిద్యాలయములో చదువు ముగించి వచ్చిన తరువాత ఒకనాడు పెట్టె తెరచి ఆ తీర్పు నకలును, మా తాతగారి క్రయపత్రమును ప్రక్క ప్రక్కన పెట్టుకొని చదివినాను. క్రయపత్రములో చేనికి నాలుగు హద్దులు వ్రాసియున్నవి. బావి మాట గాని, నీటి వంతు మాట గాని ఎచ్చటను లేదు. వాడుక వలన హక్కు సంక్రమించినదని చెప్పుటకు మా వైపు సాక్షులు ఒకరికొకరు పొసగక మాట్లాడినారు. ఆ సాక్ష్యముమీద నేను కూర్చుండియున్నను అదే తీర్పు చెప్పియుందును. అనగా న్యాయము జరిగినది. అయినను మా నాయనగారికి న్యాయము జరిగినట్లు తోచలేదు. అట్లు తోచకుండుటకు కారణము ఆయన మూర్ఖత కాదు. ఒక విస్తరి.

ఆ విస్తరి విషయములో తప్పు ఎవరిదని అడిగినచో, న్యాయశాస్త్రము చెప్పు సమాధానము మా నాయనగారికి అనుకూలముగానే యున్నది. ఇది ఆయన బ్రతికియున్నప్పుడు నాకు తెలిసియుండిన బాగుండెడిది.

తీర్పు చెప్పువాని మనస్సు ఏ కారణములచేత వంగునో మన పూర్వులు ఏనాడో యోచించిరి. రాగముచేత గాని, లోభముచేత గాని, భయముచేత గాని ధర్మము తప్పి తీర్పు చెప్పిన సభ్యులకు, వ్యాజ్యములో ఓడినవాని దండనకు రెండింతలు దండన విధింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి శాసించుచున్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, దానిని 13వ శతాబ్దములో కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. కౌటిల్యుడు ఇంకను సూక్ష్మముగా పోయినాడు. వాదిప్రతివాదులను బెదరించు న్యాయాధికారికిని, అడుగవలసినది అడుగనివానికిని, అడుగరానిది అడుగువానికిని కూడ అతడు జుల్మానాలు ఏర్పరచినాడు. లంచము పుచ్చుకొనుట ఒక్కటే పక్షపాతము కాదని ఆనాడే గుర్తించిరన్నమాట. బెదరింపు ఒక పక్షపాతము, ఉపేక్ష ఒక పక్షపాతము.

ఇంగ్లండు దేశపు న్యాయము మరియొక మెట్టు ముందుకు పోయినది. 1852లో ప్రభువుల సభ ముందుకు ఒక కాలువ కంపెనీ వ్యాజ్యము వచ్చినది. క్రింద ఆ కంపెనీకి అనుకూలముగా తీర్పు చెప్పినవాడు లార్డ్ చాన్సలర్ కాటెన్‌హాం ప్రభువు. ఆ కంపెనీలో ఆయనకు వాటాలు ఉండెను. ఆ వాటాలను చూచి ఆయన తీర్పు మార్చుకొనెనని ఎవరును అనలేదు. సభలోని న్యాయమూర్తులును అట్లు తలంపలేదు. అయినను ఆ తీర్పును త్రోసివేసినారు. 1923లో ససెక్స్ మేజిస్ట్రేటుల కేసు వచ్చినది. మేజిస్ట్రేటులతోకూడ లోపలి గదిలోనికి పోయిన కోర్టు గుమాస్తా, ఎదుటి పక్షము తరఫున పనిచేయుచున్న వకీళ్ల కంపెనీలో భాగస్వామి. అతడు లోపల నోరు మెదపనేలేదని రుజువైనది. అప్పటికిని శిక్ష రద్దయినది. న్యాయము జరిగినంత మాత్రమున చాలదు, జరిగినట్లు కనబడవలెనను సూత్రము ఆ కేసులో స్థిరపడినది. లోపల ఆ గుమాస్తా మౌనముగా కూర్చుండుట, మా ఊరి పెండ్లిపందిరిలో ఆ న్యాయాధిపతి మౌనముగా భోజనము చేయుట - రెండును ఒకే జాతివని నాకు తోచుచున్నది.

మన సుప్రీంకోర్టు కూడ ఈ మార్గమునే అనుసరించినది. మాణక్‌లాల్ అను రాజస్థాన్ వకీలుమీద వచ్చిన ఫిర్యాదును ముగ్గురు సభ్యుల సంఘమొకటి విచారించినది. ఆ సంఘాధ్యక్షుడు అంతకు పూర్వము ఒక కేసులో ఫిర్యాదుదారు తరఫున వాదించినవాడు. ఆయన మనస్సులో నిజముగా పక్షపాతముండెనా లేదా యని తవ్వి చూడనక్కరలేదని, కక్షిదారునకు సహేతుకమైన శంక కలుగుటకు అవకాశమున్నచో చాలునని 1957లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇంతవరకు వినిన శ్రోతలు మాణక్‌లాల్ గెలిచినాడని అనుకొందురు. గెలువలేదు. ఆ సంగతి తెలిసియుండియు మొదట నోరు విప్పక, నివేదిక తనకు ప్రతికూలముగా వచ్చిన తరువాత అడ్డుచెప్పినాడు గనుక, ఆ ఆక్షేపణను అతడు తానే వదలుకొన్నట్లు కోర్టు భావించినది.

మా నాయనగారు సంతకము చేయని అర్జీ నాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చుచున్నది. పెద్దరికమునకు మర్యాద చేయవలెనని ఆయన ఊరకుండిరి. శాస్త్రము దృష్టిలో మాత్రము ఆ మర్యాద, హక్కును వదలుకొనుటయే. పల్లెటూరి కక్షిదారులలో నూటికి తొంబదిమంది ఇట్లే యుందురు. ముందు సిగ్గుపడుదురు, వెనుక శపింతురు.

ఇక మన తెలుగుదేశములో పుట్టి, దేశమంతటికిని న్యాయము నేర్పిన వ్యాజ్యములు కొన్ని కలవు. అవి పొలముల వ్యాజ్యములు కావు, బస్సుల వ్యాజ్యములు. 1950ల చివర ప్రైవేటు బస్సు మార్గములను ప్రభుత్వ రవాణాసంస్థ వశము చేయుటకు పథకములు వెలువడినవి. కృష్ణా జిల్లా బస్సు యజమానులు ఆక్షేపణలు దాఖలు చేసిరి. ఆ ఆక్షేపణలను విన్నది రవాణాశాఖను చూచుచున్న కార్యదర్శి. ఆమోదపు ఉత్తరువు వేసినది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా ప్రసిద్ధికెక్కిన ఆ వ్యాజ్యములో 1958 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయిదుగురిలో ఇద్దరు విభేదింపగా, అధికసంఖ్యాకుల తీర్పు వ్రాసినవారు మన రాజమండ్రివారైన కోకా సుబ్బారావుగారు. పథకము ఏ శాఖదో ఆ శాఖాధిపతియే ఆక్షేపణలను వినుట, తన దావాకు తానే తీర్పరి యగుట వంటిదన్నారు. ఒకరు విని మరియొకరు తీర్పు చెప్పుట విచారణ యనిపించుకొనదన్నారు.

ప్రభుత్వము మరల విచారణ జరిపినది. ఈ మారు ముఖ్యమంత్రియే స్వయముగా ఆక్షేపణలు విన్నారు. బస్సు యజమానులు మరల సుప్రీంకోర్టుకు పోయిరి. 1959లో ఈసారి వారు ఓడిపోయిరి. కార్యదర్శి శాఖలో భాగము గాని, మంత్రి శాఖలో భాగము కాడని కోర్టు భేదము చూపినది. ఈ భేదము శాస్త్రజ్ఞులకు రుచించినంతగా సామాన్యునకు రుచింపదని నా అభిప్రాయము. శాఖను నడపు మంత్రికి ఆ శాఖ పథకముమీద మమకారముండదని బస్సు యజమాని నమ్మునా? అయినను తీర్పు తీర్పే.

మూడవది మన కర్నూలు కేసు. 1962లో కర్నూలు జిల్లా పశ్చిమభాగములోని బస్సు మార్గములను ప్రభుత్వ సంస్థ తీసికొనుటకు పథకములు వచ్చినవి. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా వెనుక అను వరుసను అనంతరామకృష్ణన్ సంఘము అంతకు మునుపే సూచించియుండెను. ఆ వరుసను కాదని కర్నూలును ముందుకు తెచ్చుటకు కారణము, అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారికి తమపై గల రాజకీయ విరోధమేయని బస్సు యజమానులు ప్రమాణపూర్వకముగా ఆరోపించిరి. హైకోర్టు వారి అర్జీలను త్రోసివేసినది. వారు సుప్రీంకోర్టుకు పోయిరి.

1964 జనవరిలో రౌజీ కేసు అను పేర ఆ తీర్పు వచ్చినది. తీర్పుకు ఇరుసు వంటిది ఒక చిన్న విషయము. ఇంతటి ఆరోపణ వచ్చినప్పుడు, అది నిజము కాదని ముఖ్యమంత్రి తాను స్వయముగా ప్రమాణపత్రము దాఖలు చేయలేదు. ఇతరులు చేసినది దానికి సమాధానము కాజాలదు. ఒకరి మనస్సులోని ఉద్దేశమును గురించి మరియొకరు ప్రమాణము చేయజాలరు గదా. సమాధానము లేని ఆరోపణ నిలిచినది. పథకములు కొట్టివేయబడినవి. సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేసినారు. ఫిబ్రవరి నెల చివర కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి యైనారు. సంజీవరెడ్డిగారు తరువాత లోకసభాధ్యక్షులు, 1977లో రాష్ట్రపతి కూడ అయినారు. ఒక తీర్పులోని వ్యాఖ్యలకు తలయొగ్గి పదవి వదలుట ఆయన గౌరవమును తగ్గింపలేదనియే చెప్పవలెను.

ఈ మూడు కేసులలోను నిందకు గురియైనది మునసబు కోర్టు కాదు, ప్రభుత్వము. మన సంభాషణకు వీటితో సంబంధమేమని మీరడుగవచ్చును. ఉన్నది. ప్రభుత్వపు కార్యదర్శికే ఈ నియమము వర్తించినచో, ధర్మాసనముపై కూర్చుండువానికి అంతకంటె కఠినముగా వర్తింపవలెను. ఇంకొకటి కూడ ఉన్నది, దీనిని శాస్త్రగ్రంథములలో వ్రాయరు. కర్నూలు బస్సు యజమానులు ఢిల్లీదాక పోగలిగినారు. పత్తికొండ తాలూకాలో నాలుగెకరముల ఎఱ్ఱనేల దున్నుకొను రైతు తన వ్యాజ్యములో ఎంత సహేతుకమైన శంక యున్నను ఆదోనిదాకనో కర్నూలుదాకనో పోవును. అంతకుమించి పోలేడు.

పత్తికొండ పేరు అప్రయత్నముగా వచ్చినది. సివిల్ కోర్టుల చరిత్రలో ఆ ఊరికి ఒక స్థానము కలదు. 1800లో నైజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన తరువాత, మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఇక్కడ గుఱ్ఱముమీద ఊరూర తిరిగినవాడు థామస్ మన్రో. కారన్‌వాలిస్ ప్రభువు బెంగాలులో పెట్టిన జిల్లా కోర్టుల పద్ధతినే మదరాసు రాజధానిలోను నెలకొల్పిరి. మన్రోకు అది నచ్చలేదు. జిల్లాకు ఒక కోర్టు, అందులో దేశభాష రాని దొర, ఊరి ఆచారము తెలియని చట్టము, రైతు భరింపలేని ఖర్చు - ఇట్టి కోర్టు ఎంత నిష్పక్షపాతముగా నడచినను బలవంతునికే ఉపకరించునని అతని వాదము. 1814లో న్యాయవ్యవస్థను సంస్కరించు సంఘమునకు పెద్దగా అతడు తిరిగి వచ్చినాడు. 1816 చట్టముల ప్రకారము 10 రూపాయల లోపు వ్యాజ్యములు గ్రామ మునసబునకును, 200 రూపాయల లోపువి జిల్లా మునసబునకును వచ్చినవి. ఆ మునసబులు ఈ దేశస్థులే. నేటి జూనియర్ సివిల్ జడ్జి పదవికి మూలపురుషుడు ఆ జిల్లా మునసబే.

అయితే మన్రో మరియొక పని కూడ చేసినాడు. మేజిస్ట్రేటు అధికారమును, పోలీసును జడ్జీనుండి తీసి కలెక్టరు చేతికి ఇప్పించినాడు. శిస్తు వసూలు చేయువాడే నేరము విచారించుట! న్యాయము రైతు గుమ్మములోనికి రావలెనని తపించినవాడు ఈ ముడి ఎట్లు వేసినాడో నాకు ఆశ్చర్యము. ఆ ముడి పూర్తిగా వీడుటకు స్వాతంత్ర్యము రావలసివచ్చినది. 1974 ఏప్రిలులో కొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడు అమలునకు రావలసివచ్చినది. గవర్నరై యుండగా దత్తమండలములను మరియొకసారి చూచిపోవలెనని వచ్చి, మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాచేత మరణించినాడు.

భాష సంగతి మన్రో చెప్పినంత సులభముగా తీరలేదు. 1820లో కడపకు ఉద్యోగమునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, తరువాత కాలములో కోర్టు పనులలో కూడ ఉండి, కచేరీలలో వాడు మిశ్రభాషకు ప్రత్యేకముగా ఒక నిఘంటువునే కూర్పవలసివచ్చినది. జిల్లా నిఘంటువను పేర అది 1852లో అచ్చయినది. వాది, ప్రతివాది తెలుగువారు. వారి దావాలోని మాటలు పారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు. నేటికిని వకాలతు, జప్తు, ఆమీను, నకలు అను మాటలు మనలను వదలలేదు. వానితో పేచీ లేదు, అవి మన నోట తెలుగైపోయినవి. పేచీ తీర్పుతోనే. తెలుగును అధికారభాషగా చేసిన చట్టము 1966లో వచ్చినది. అయినను పెక్కుచోట్ల తీర్పు ఇంగ్లీషులోనే వెలువడును. తాను ఎందులకు ఓడెనో తాను చదువుకొనలేనివాడు, ఓడుటకు కారణము తానే కల్పించుకొనును. మా నాయనగారికి ఆ క్రయపత్రపు లోపమును గురించిన పేరా తెలుగులో ఉండినచో, ఓళిగ కథ అంత బలపడియుండునా యని నేను ఎన్నోమార్లు తలపోసినాను.

పక్షపాతమను మాట వినగానే మన దృష్టి న్యాయాధిపతి ముఖముమీదికి పోవును. ఆయన ముఖమున ఏ దోషము లేకున్నను విచారణ నడకలోనే ఒక వాలు ఉండవచ్చును. ఒక ఉదాహరణము చెప్పెదను. సివిల్ ప్రొసీజరు కోడులో 39వ ఆర్డరు క్రింద తాత్కాలిక ఇంజంక్షను అని ఒకటి కలదు. బావివద్దకు రాకుము, మోటారు వేయకుము అని ప్రతివాదిని ఆపు ఉత్తరువు. సాధారణముగా రెండవ పక్షమునకు నోటీసు ఇచ్చి, విని, తరువాతనే ఇట్టి ఉత్తరువు ఇయ్యవలెను. జాగు చేసినచో ఉత్తరువు కోరుటలోని ప్రయోజనమే చెడునని తోచినప్పుడు మాత్రము, కారణములు వ్రాసి, నోటీసు లేకయే ఇయ్యవచ్చును. అట్లు ఇచ్చినచో 30 దినములలో ఆ అర్జీని ముగించుటకు ప్రయత్నింపవలెనని 1976 సవరణ చెప్పుచున్నది.

కాగితముమీద ఇది చక్కని ఏర్పాటు. పొలములో ఎట్లుండునో చూడుడు. ఆగస్టు నెలలో వాన ముఖము చాటేసినది. వేరుసెనగ ఊడ దిగు సమయము. వాది తన మాట మాత్రము చెప్పి ఉత్తరువు తెచ్చుకొన్నాడు. ప్రతివాదికి నోటీసు చేరుటకు పది దినములు, వకీలును పెట్టుకొనుటకు నాలుగు దినములు, కౌంటరు వేయుటకు ఒక వాయిదా. న్యాయాధిపతి సెలవులో ఉన్నారని మరియొక వాయిదా. ముప్పది దినములు అరువది యగును. అప్పటికి చేనిలో తీగ మాడిపోయియుండును. తరువాత ఆ ఇంజంక్షను కొట్టివేసినను ఆ సంవత్సరపు పంట తిరిగి రాదు. ఈ కథలో ఎవరును లంచము తినలేదు, ఎవరును ఎవరి పెండ్లికిని పోలేదు. అయినను ముందు కోర్టుకెక్కినవానికి త్రాసు ఒక పంటకాలము వంగియుండినది. వాయిదాలు ఒక పక్షమునకు మూడింటికి మించరాదను నియమము కూడ కోడులో చేరియున్నది. నియమము చేరినంత వేగముగా అలవాటు చేరలేదు.

దూరమును గురించి ఒక మాట. 1937 నవంబరు 16న మదరాసులో, నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనములో కోస్తావారును సీమవారును ఒడంబడిక చేసికొన్నప్పుడు, రాజధాని ఒకరికి, హైకోర్టు ఒకరికి అనుకొనిరి. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చినది, 1954లో హైకోర్టు గుంటూరుకు పోయినది. 1956లో రెండును హైదరాబాదు చేరినవి. 2019 జనవరి 1వ తేదీనుండి హైకోర్టు అమరావతిలో ఉన్నది. కర్నూలునుండి అది 300 కిలోమీటర్లకు పైబడిన దారి. కర్నూలులో హైకోర్టు బెంచి ఒకటి నెలకొల్పవలెనని 2024లో రాష్ట్రప్రభుత్వము నిశ్చయించినది. దూరము పక్షపాతము కాదని కొందరందురు. బస్సు చార్జీ లేనివానికి దూరమును మించిన పక్షపాతము లేదు.

న్యాయాధిపతుల పక్షమున కూడ చెప్పవలసినది కలదు. చిన్న ఊరిలో న్యాయాధిపతి బ్రతుకు ఏకాంతపు బ్రతుకు. పొరుగువాడు వకీలు, అంగడివాడు ప్రతివాది, పిల్లవాని పంతులు వాదికి బావమరది. నవ్వి పలుకరించిన తప్పు, పలుకరింపకున్న గర్వము. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకై 1997లో సుప్రీంకోర్టు తీర్మానించుకొన్న ప్రవర్తన నియమములలో, దగ్గరి బంధుమిత్రులనుండి తప్ప కానుకలు గాని ఆతిథ్యము గాని స్వీకరింపరాదని, పదవి గౌరవమునకు తగిన ఎడము పాటింపవలెనని ఉన్నది. ఆ ఎడము పాటించుట ఎంత కష్టమో పెద్ద నగరములవారికి తెలియదు. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వంటి ఊళ్లలో పనిచేసినవారికి తెలియును. ఇంకొకటి. ఓడుదునని భయపడిన ప్రతి కక్షిదారుడును న్యాయాధిపతిమీద ఒక అర్జీ పడవేసి కోర్టు మార్పించుకొనజూచిన సందర్భములు కూడ కొల్లలు. ప్రతి గుసగుసకును బెదరి కేసు వదలుకొను న్యాయాధిపతి, తనకు నచ్చిన తీర్పరిని ఎన్నుకొను హక్కును కక్షిదారుని చేతికి ఇచ్చినవాడగును. శంక సహేతుకమైనదై యుండవలెనని కోర్టులు పట్టుబట్టుట అందులకే.

సహేతుకమైన శంక యున్నవాడు చేయవలసినదేమి? సివిల్ ప్రొసీజరు కోడు 24వ సెక్షను క్రింద దావాను ఒక కోర్టునుండి మరియొక కోర్టునకు మార్చు అధికారము జిల్లా కోర్టునకును హైకోర్టునకును కలదు. ఏ దశలోనైనను అడుగవచ్చును. అర్జీలో నిందలు వ్రాయనక్కరలేదు, వ్రాయరాదు కూడ. ఏ దినమున, ఎక్కడ, ఏమి జరిగినదో అంతమాత్రము వ్రాయవలెను. తీర్పు వచ్చువరకు వేచియుండి, తీర్పు ప్రతికూలమైన తరువాత ఆ సంగతి ఎత్తినచో మాణక్‌లాల్‌కు పట్టిన గతి పట్టును. న్యాయాధిపతికి స్వయముగా సంబంధమున్న దావా వచ్చినచో ఆయన దానిని తాకరాదను నియమము 1873 నాటి మదరాసు సివిల్ కోర్టుల చట్టములోనే యున్నది. ఇక చాలమంది న్యాయాధిపతులు, ఓపెన్ కోర్టులో మర్యాదగా సంగతి చెప్పినచో, ఏ ఉత్తరువును లేకయే కేసును తాముగా పై కోర్టునకు పంపించి వేయుదురు.

చివరగా ఖర్చు సంగతి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9నుండి అమలులో ఉన్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, పిల్లలకు, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలును ఇచ్చుటకు ఆ చట్టములోని 12వ సెక్షను ఏర్పాటు చేసినది. అదే సెక్షనులో, తన తప్పు లేకయే లేమిలో పడినవారి జాబితా యొకటి కలదు. వరద, భూకంపముల సరసన అందులో కరవు అను మాట కూడ అచ్చుపడియున్నది. ఆ మాట మన సీమ రైతును తలచుకొని వ్రాసినట్లే యుండును. కరవుబాధితునిగా ఉచిత న్యాయసహాయము అడుగవచ్చునని తెలిసిన రైతు మాత్రము నాకు ఇంతవరకు తటస్థపడలేదు. కర్నూలు, కడప జిల్లా కోర్టులలో జిల్లా న్యాయసేవాధికార సంస్థల కార్యాలయములు కలవు. తాలూకా కోర్టులలో మండల సంఘములు కలవు. దరఖాస్తు తెల్లకాగితముమీద తెలుగులో వ్రాసి ఇయ్యవచ్చును. దావా నంబరు, కోర్టు పేరు, వచ్చు వాయిదా తేదీ అందులో తప్పక వ్రాయవలెను. దస్తావేజుల నకళ్లు జతపరుపవలెను. క్రయపత్రములో బావి మాట ఉన్నదో లేదో ముందుగానే ఎవరిచేతనైనను చదివించుకొనుట మంచిది.